రాకెట్ దిగుతోంది సరే, రేటు ఎందుకు దిగట్లేదు?

అరసున్న:

ఎప్పట్నుంచో బుర్రలో నలుగుతున్న సందేహం ఇది. మరీ చిన్నపిల్లల ప్రశ్నలా అనిపిస్తే నవ్వుకోండి గానీ జవాబు మాత్రం చెప్పండి.

స్పేస్‌ఎక్స్ కంపెనీ రాకెట్ ఫాల్కన్ 9 మొదటి దశ, అదే బూస్టర్, వెనక్కి వచ్చి నేల మీద నిలబడింది 2015 డిసెంబర్‌లో. ఒకసారి ఎగిరొచ్చిన బూస్టర్‌నే మళ్లీ ఎగరేసింది 2017 మార్చిలో. ఇప్పుడు 30 సార్లు దాటి ఎగిరిన బూస్టర్ కూడా ఉంది. అంటే ఒక బూస్టర్ తయారీ ఖర్చు ముప్పై లాంచ్‌ల మీద పంచుకున్నట్టే కదా. మరి రేటు చూస్తే 2016 ప్రాంతంలో 6.2 కోట్ల డాలర్లు, 2022లో 6.7 కోట్లు, ఆ తర్వాత దాదాపు 7 కోట్లు. దిగాల్సింది పోయి ఎక్కుతోంది.

ఇంకోపక్క ఎక్కడ చూసినా అదే బొమ్మ, నాసా పాత వాహనం స్పేస్ షటిల్‌లో కిలోకి 54,500 డాలర్లు, ఫాల్కన్ 9లో 2,720 డాలర్లు అని. ఈ రెండిట్లో ఏది నమ్మాలి? పైగా దిగడానికి కావలసిన ఇంధనం కూడా పైకి మోసుకెళ్లాలి కదా, ఆ మేరకు ఉపగ్రహం బరువు తగ్గించుకోవాల్సి వస్తే ఇక మిగిలేదేంటి? "ప్రతి ప్రయాణం తర్వాత విమానాన్ని పారేస్తామా" అనే పోలిక ఒక్కటి తప్ప ఎవరూ లెక్క విప్పి చెప్పట్లేదు.

లెక్కలచిట్టా:

అరసున్న గారూ, మీరు ఖర్చునీ రేటునీ ఒకే గాట కట్టేశారు, చిక్కంతా అక్కడే.

ముందు ఖర్చు చూద్దాం. స్పేస్‌ఎక్స్ అధిపతి ఇలాన్ మస్క్ చాలాసార్లు చెప్పిన ఉజ్జాయింపు లెక్క ప్రకారం ఫాల్కన్ 9 ఖర్చులో 60 శాతం దాకా బూస్టర్‌దే, రెండో దశది 20, పైన టోపీలా ఉండే ఫెయిరింగ్‌ది 10, మిగతాది ఇంధనం, లాంచ్ ప్యాడ్, మనుషుల జీతాలు. ఇంధనం అంటే కిరోసిన్, ద్రవ ఆక్సిజన్. వాటి ఖర్చు మొత్తంలో నలుసంత. ఇప్పుడు బూస్టర్ వెనక్కి వస్తోంది, ఫెయిరింగ్ రెండు చెక్కలూ పారాచూట్‌తో సముద్రంలో పడితే తీసుకొచ్చి మళ్లీ వాడుతున్నారు. ఇక ప్రతిసారీ కొత్తగా కావలసింది రెండో దశ ఒక్కటే. 2020లో మస్క్ చెప్పింది ఏంటంటే, అన్నీ కలిసొస్తే ఒక లాంచ్ అదనపు ఖర్చు 1.5 కోట్ల డాలర్లకి వస్తుందని, అందులో కోటి దాకా రెండో దశదే అని. అదే ఏడాది ఆ కంపెనీ అధికారి ఒకాయన అన్నీ కలుపుకుని 2.8 కోట్లు అన్నారు. నేనైతే రెండో అంకెనే తీసుకుంటా, మొదటిది మరీ ఎండా వానా లేని రోజు లెక్క.

ఇక రేటు. రేటు అమ్మేవాడికి ఎంత పడిందో చూసి పెట్టరు, పోటీవాడు ఎంతకిస్తున్నాడో చూసి పెడతారు. పోటీవాళ్లంతా 10 కోట్లు, ఇంకా పైన చెప్తుంటే 6-7 కోట్లకే జనం క్యూ కడుతున్నారు. అప్పుడు 3 కోట్లకి దించాల్సిన అవసరం ఎవరికుంది? మిగిలినదంతా వాళ్ల జేబులోకి, అక్కణ్నుంచి స్టార్‌లింక్ అనే ఇంటర్నెట్ ఉపగ్రహాల్లోకి, స్టార్‌షిప్ అనే కొత్త పెద్ద రాకెట్‌లోకి. 2024లో ఫాల్కన్లు 130కి పైగా ఎగిరితే సగానికి మించి వాళ్ల సొంత స్టార్‌లింక్ ఉపగ్రహాల కోసమే. ఆ లాంచ్‌లకి రేటు అంటూ లేదు, ఖర్చే. కాబట్టి చవకైన లాంచ్ రానే వచ్చింది, కాకపోతే దాన్ని ముందు అనుభవిస్తున్నది రాకెట్ చేసినవాళ్లే.

పాతరెంచి:

చిట్టా గారి లెక్క బాగుంది. నేను ఇంకో పక్కనుంచి వస్తా. విమానం ఇంజిన్లు విప్పి బిగించే షాపులో పని నాది, అందుకే ఆ విమానం పోలిక వింటే చిరాకు. వస్తువు తిరిగి రావడం గొప్ప కాదు. వచ్చాక దాన్ని ఎంత విప్పాల్సి వస్తోందన్నదే అసలు ప్రశ్న.

మా దగ్గర బోర్‌స్కోప్ అని ఉంటుంది, సన్నటి గొట్టం, చివర కెమెరా, పక్కనే చిన్న లైటు. ఇంజిన్ పక్కనున్న బెజ్జంలోంచి దాన్ని దూర్చి, ఇంకొకరు షాఫ్ట్‌ని చేత్తో మెల్లగా తిప్పుతుంటే, ఒక్కో బ్లేడూ లెక్కపెట్టుకుంటూ చూస్తాం. తెర మీద నల్లటి గీత కనిపిస్తే అది మసి మరకా, వెంట్రుకంత పగులా అని తేల్చడానికి ఒక్కోసారి అరగంట ఆ ఒక్క బ్లేడు ముందే కూర్చోవాలి. (ఓసారి లెక్క తప్పి ఒకే బ్లేడుని రెండుసార్లు చూసి, ఒకటి వదిలేశానన్న అనుమానంతో మొత్తం మళ్లీ మొదట్నుంచి తిప్పించా, షాఫ్ట్ తిప్పేవాడు నాతో వారం మాట్లాడలేదు.) మరకే అయితే సంతకం పెట్టి పంపేస్తాం. పగులైతే విప్పాలి. విప్పడం అంటూ మొదలైతే ఇక గంటల లెక్క ఉండదు, వారాల లెక్కే.

షటిల్‌ని ముంచింది ఇదే. అదీ మళ్లీ మళ్లీ వాడే వాహనమే కదా, 1981లో మొదలైంది, అప్పటికి అంతకన్నా అద్భుతం లేదు. కానీ ప్రతి ప్రయాణం తర్వాతా పెద్ద ఇంజిన్లు మూడిటినీ ఊడదీసి షాపుకి తీసుకెళ్లేవాళ్లు. ఒంటి నిండా వేడిని ఆపే టైల్స్ 20 వేలకు పైగా, ఒకదాని ఆకారం ఇంకోదానికి సరిపోదు, ప్రతిదానికీ సొంత నంబరు, ఒక్కోదాన్నీ మనిషి చూసుకోవాలి. పక్కనుండే రెండు బూస్టర్లు ఉప్పునీళ్లలో పడేవి, తెచ్చి విడదీసి, కడిగి, మళ్లీ ఇంధనం నింపాలి. ఆ పెద్ద నారింజరంగు ట్యాంకు ఎటూ పోయేదే. మొదట్లో వారానికొకటి ఎగురుతుందని కాగితాల మీద రాసుకున్నారు, ఎక్కువలో ఎక్కువ ఎగిరింది 1985లో, 9 సార్లు. 30 ఏళ్లకి మొత్తం 135. ఎగిరినా ఎగరకపోయినా వేలమంది జీతాలు ఆగవు, తడిసి మోపెడయింది.

ఫాల్కన్ బూస్టర్‌ని చూడండి, మసిపట్టిన పొయ్యిగొట్టంలా ఉంటుంది. దాన్ని కొత్తదానిలా తోమడానికి ఎవరూ కూర్చోరు. అవసరమైనవి చూస్తారు, మిగతాది వదిలేస్తారు. 2025లో ఒక బూస్టర్ దిగిన 9 రోజులకే మళ్లీ ఎగిరింది. తొమ్మిది రోజులంటే అందులో దిగిన చోటునుంచి తీసుకురావడం, పడుకోబెట్టడం, కొత్త రెండో దశ తగిలించడం అన్నీ కలిపి. నా లెక్కలో విప్పడానికి టైమే లేదు, అంటే విప్పట్లేదు! నాకు ఇందులో నచ్చిందల్లా ఇదే, దిగడం కాదు. తర్వాత వచ్చే మీథేన్ ఇంజిన్లకి ఆ మసి గొడవ కూడా తక్కువ, కిరోసిన్‌లా గొట్టాల్లో పేరుకుపోదు.

నిలువుగీత:

ఆ 54,500, 2,720 బొమ్మ సంగతి నేను చెప్తా, అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

షటిల్ అంకె ఎలా వచ్చిందంటే, ఒక్కో ప్రయాణానికి సుమారు 150 కోట్ల డాలర్లు అని వేసి, 27,500 కిలోలతో భాగించారు. ఆ 150 కోట్లలో కార్యక్రమం మొత్తం ఖర్చు కలిసిపోయి ఉంది, తయారీకి ముందు పరిశోధన ఖర్చుతో సహా. ఫాల్కన్ అంకెకి మాత్రం అమ్మే రేటు 6.2 కోట్లని 22,800 కిలోలతో భాగించారు. ఒకటి ఖర్చు, ఇంకోటి రేటు. బోడిగుండుకీ మోకాలికీ ముడి.

అదైనా సరిపెట్టుకోవచ్చు. అసలు తిరకాసు 22,800 దగ్గరుంది. అది బూస్టర్‌ని పారేస్తే మోయగల బరువు! బూస్టర్ సముద్రంలో నిలిపిన ఓడ మీద దిగాలంటే దాదాపు 17,500 కిలోలే. అంటే బొమ్మలో బరువేమో పారేసే రాకెట్‌ది, రేటేమో తిరిగొచ్చే రాకెట్‌ది. సరిగ్గా వేస్తే 6.2 కోట్లకే కిలో 3,500 దాటుతుంది, 7 కోట్లకి 4,000. అయినా షటిల్‌తో పోలిస్తే చాలా చవకే, కాదనట్లేదు, కానీ ఇరవై రెట్లు అని ఊదరగొట్టేవాళ్లు ఒకసారి భాగహారం చూసుకోవాలి.

అరసున్న గారి ఇంకో ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. మోసేదాంట్లో నాలుగో వంతు దగ్గర దగ్గర పోతోంది. మరీ అంతేనా అనిపిస్తుంది కదా, ఎందుకంతేనో చెప్తా. బూస్టర్ రెండున్నర నిమిషాలకే విడిపోతుంది, అప్పటికి వేగం గంటకి 8,000 కిలోమీటర్ల ప్రాంతం, కక్ష్యకి కావలసింది 27,000 పైన. మిగతా పనంతా రెండో దశది. అందుకే బూస్టర్ మీద కాళ్లు, రెక్కలు, దిగే ఇంధనం లాంటి బరువు ఎంత పెట్టినా అందులో కొంత భాగమే ఉపగ్రహం నుంచి కోత పడుతుంది. అదే రెండో దశ మీద ఒక కిలో పెడితే ఉపగ్రహంలో సరిగ్గా ఒక కిలో పోతుంది. పైగా అది కక్ష్య వేగం నుంచి కిందకి రావాలి, ఆ వేడికి కవచం కావాలి. ఫాల్కన్ రెండో దశని వెనక్కి తేవాలని ఒకప్పుడు వాళ్లూ అనుకున్నారు, తర్వాత మానేశారు. స్టార్‌షిప్‌లో మళ్లీ అదే తలనొప్పి నెత్తినెత్తుకున్నారు, టైల్స్‌తో సహా.

ఎన్నిసార్లు ఎగిరితే గిట్టుబాటు అన్నదాని మీద 2020లో ఒక చిన్న యుద్ధం కూడా నడిచింది. మస్క్ ఏమో రెండోసారికే సరికి సరి, మూడోసారి నుంచి లాభం అన్నాడు. పోటీ కంపెనీ యుఎల్ఏ అప్పటి అధిపతి టోరీ బ్రూనో ఏమో సగటున పదిసార్లు ఎగిరితే గానీ గిట్టదన్నాడు. ఎవరి సరుకు వాళ్లు పొగుడుకున్నారనుకోండి. ఇప్పుడు చాలా బూస్టర్లు పది కాదు ఇరవై దాటేశాయి కాబట్టి, ఎవరి లెక్క ఒప్పైనా ఫాల్కన్ వరకు ఆ గొడవ తీరిపోయింది.

అరసున్న:

అబ్బ, నాలుగేళ్ల సందేహం ఒక్క పూటలో. నిలువుగీత గారూ, ఆ భాగహారం నేనెప్పుడూ వేసి చూడలేదు, సిగ్గుగా ఉంది.

ఇంకొక్కటి అడిగి ఊరుకుంటా. అది దిగేటప్పుడు చివరి క్షణం దాకా రాయిలా పడి, నేల తగలబోతుంటే ఇంజిన్ వెలిగిస్తారు. చూసేవాళ్లకే టెన్షన్. కొంచెం ముందే వెలిగించి, గాల్లో ఆగి, చూసుకుని మెల్లగా దించొచ్చు కదా?

నిలువుగీత:

ఆగలేదండీ అది. అంతా ఖాళీ అయ్యాక బూస్టర్ బాగా తేలికైపోతుంది, తొమ్మిది ఇంజిన్లలో ఒక్కటే వెలిగించి, దాన్నీ వీలైనంత తగ్గించినా ఆ తోపుడు బూస్టర్ బరువు కన్నా ఎక్కువే. అంటే ముందే వెలిగిస్తే నేలకి ఇంకా పైనుండగానే వేగం సున్నా అయిపోయి, ఆ తర్వాత మళ్లీ పైకి లేవడం మొదలుపెడుతుంది. కాబట్టి వేగం సున్నా అవడం, కాళ్లు నేల తగలడం రెండూ ఒకే క్షణంలో జరగాలి. అదనపు అవకాశం లేదు. అదీగాక గాల్లో నిలబడిన ప్రతి సెకనూ ఇంధనం ఊరికే కాలుతుంది, ఆ ఇంధనం మళ్లీ ఉపగ్రహం బరువులోంచి కోసుకున్నదే.

ఆ వెలిగించడానికి ఒక ప్రత్యేకమైన ద్రవం వాడతారు, గాలి తగిలితే చాలు దానంతటదే మండుతుంది, ఆకుపచ్చ మంటతో. జాగ్రత్తగా చూస్తే నారింజ మంట రావడానికి రెప్పపాటు ముందు అడుగున పచ్చటి మెరుపు కనిపిస్తుంది. 2018 ఫిబ్రవరిలో మూడు బూస్టర్లు పక్కపక్కన కట్టిన ఫాల్కన్ హెవీ మొదటిసారి ఎగిరినప్పుడు పక్క బూస్టర్లు రెండూ జంటగా వచ్చి నిలబడ్డాయి, అందరూ ఆ వీడియోనే చూశారు. మధ్యదానికి మాత్రం ఈ ద్రవం అయిపోయింది, మూడు ఇంజిన్లు వెలగాల్సింది ఒకటే వెలిగింది, ఓడకి వంద మీటర్ల దూరంలో గంటకి 480 కిలోమీటర్ల వేగంతో సముద్రాన్ని గుద్దుకుంది. అంత రాకెట్టూ ఆ కాస్త ద్రవానికి పోయింది.

2020 మేలో తొలిసారి వ్యోమగాముల్ని తీసుకెళ్లిన బూస్టర్ గుర్తుందా? 19 సార్లు ఎగిరింది. 2023 డిసెంబర్‌లో చక్కగా ఓడ మీద దిగింది, తిరిగి వస్తుంటే దార్లో గాలికీ అలలకీ పక్కకి ఒరిగి పడిపోయింది. అంతరిక్షం ఏమీ చేయలేకపోయింది, ఓడ ప్రయాణం తీసుకెళ్లింది.

చెప్పులడబ్బా:

రేటు దిగలేదని అందరూ అంటున్నారు గానీ, మాలాంటి చిన్నవాళ్లకి దిగిందండీ. మా విద్యార్థి బృందం చేసిన ఉపగ్రహం నిజంగా చెప్పుల డబ్బా అంత ఉంటుంది, నా పేరు అందుకే. మొదట మాకు దొరికింది ఒక పెద్ద ఉపగ్రహం పక్కన సందులో చోటు. ఆ పెద్దాయన సిద్ధమవ్వాలి, అప్పుడే మేమూ. వాళ్లకి ఏదో సమస్య, మూడు నెలలు వాయిదా, మళ్లీ మూడు, అలా ఏడాది దాటింది. మా డబ్బా మాత్రం ప్లాస్టిక్ సంచీలో బీరువాలో కూర్చుంది, మధ్యమధ్యలో తీసి బ్యాటరీ ఛార్జ్ చేసి మళ్లీ పెట్టేవాళ్లం. చివరికి దాన్ని మొదలుపెట్టిన సీనియర్లు చదువైపోయి వెళ్లిపోయారు, ఛార్జ్ చేసే కాగితం మీద మాత్రం వాళ్ల చేతిరాత మిగిలింది.

2019లో స్పేస్‌ఎక్స్ వాటా ప్రయాణాలు ప్రకటించింది, 200 కిలోల దాకా 10 లక్షల డాలర్లు. తర్వాత పెంచుతూ పోయారనుకోండి, అయినా అంతకుముందు రేటుతో పోలిస్తే పోలికే లేదు. మొదటిది 2021 జనవరిలో ఎగిరింది, ఒకే రాకెట్‌లో 143 ఉపగ్రహాలు. మా దృష్టిలో రేటు కన్నా గొప్ప సంగతి ఏంటంటే దానికి ఒక తేదీ ఉంటుంది. బస్సులాగా. మీరు సిద్ధంగా లేకపోతే మిమ్మల్ని వదిలేసి వెళ్తుంది, తర్వాతిది ఎక్కండి అంటుంది. బూస్టర్లు తిరిగొచ్చి వరసగా నిలబడి ఉంటేనే ఇలా బస్సులు నడపగలరు, ఒక్కో రాకెట్టూ కొత్తగా చేయాలంటే ఎవరూ అంత ధీమాగా తేదీ చెప్పలేరు. కష్టమల్లా అది వెళ్లే కక్ష్యకే మనమూ వెళ్లాలి, ఇంకోచోట దిగాలంటే వేరే ఏర్పాటు, వేరే డబ్బు.

ఇంకో మార్పు బయటివాళ్లకి కనపడదు. లాంచ్‌కి ప్రాణం పోయేంత డబ్బు పెట్టేటప్పుడు ఉపగ్రహం ఒక్కటే పంపుతారు, అది చెడిపోకూడదని ప్రతి భాగం పదిరెట్లు ఖరీదైనది వేస్తారు, పదేళ్లు పరీక్షిస్తారు. లాంచ్ చవకైతే పోతే పోనీ ఇంకోటి పంపుదాం అన్న ధైర్యం వస్తుంది, మామూలు చిప్‌లు వేసి చూస్తారు. మా రెండో డబ్బాలో మేం చేసింది అదే.

ఎదురుగాలి:

అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి నేను కొంచెం అడ్డం తిరుగుతా. ఇదంతా కుదిరింది ఏడాదికి వందసార్లు ఎగరేసే పని ఉన్నవాడికి. ఆ పని లేనివాడి సంగతేంటి?

2018లో ఐరోపా రాకెట్లు చేసే అరియాన్ గ్రూప్ అధిపతి ఒక మాట అన్నాడు, మా దగ్గర ఏడాదికి పది లాంచ్‌లు ఉన్నాయనుకోండి, రాకెట్ పదిసార్లు ఎగిరితే ఏడాదికి ఒక్కటే తయారు చేయాలి, మిగతా రోజులు నా పనివాళ్లకి వచ్చే ఏడాది కలుద్దాం అని చెప్పాలా అని. అప్పుడు అందరూ ఎగతాళి చేశారు. నాకైతే అందులో తప్పేం కనపడదు, ఆయన లెక్క ఆయనకి కరెక్టే. ఫ్యాక్టరీ అద్దె, ఇంజినీర్ల జీతాలు ఎన్ని రాకెట్లు చేసినా అంతే, నాలుగే చేస్తే ఒక్కోదాని ఖరీదు నెత్తికెక్కుతుంది. స్పేస్‌ఎక్స్ ఆ చిక్కులోంచి ఎలా బయటపడిందంటే, బయట అన్ని ఉపగ్రహాలు లేకపోతే తనే చేసుకుంది. స్టార్‌లింక్ లేకుండా 130 లాంచ్‌లు ఎక్కణ్నుంచి వస్తాయి?

ఇంకా ఎవరూ చెప్పనిది, ఏడాదికి 130 లాంచ్‌లంటే 130 రెండో దశలు, అంటే మూడు రోజులకి ఒకటి కన్నా ఎక్కువ ఫ్యాక్టరీ గేటు దాటాలి. అంటే వాళ్లు చవకగా చేయడం నేర్చుకున్నది బూస్టర్‌ని దాచుకుని మాత్రమే కాదు, పారేసే ముక్కని కూడా గంపగుత్తగా తయారు చేసి.

రేటు దిగాలంటే ఒక్కటే దారి, ఇంకొకడు రావాలి. బ్లూ ఆరిజిన్ కంపెనీ రాకెట్ న్యూ గ్లెన్ 2025 జనవరిలో మొదటిసారి ఎగిరినప్పుడు బూస్టర్ పోయింది, నవంబర్‌లో రెండోసారికే ఓడ మీద నిలబెట్టారు. చైనాలో జూచ్యే-3 రాకెట్ అదే డిసెంబర్‌లో మొదటి ప్రయత్నంలోనే కక్ష్య చేరింది, బూస్టర్ మాత్రం దిగబోతూ పేలింది. స్టార్‌షిప్ కింది భాగాన్ని 2024 అక్టోబర్‌లో టవర్ చేతులతో గాల్లోనే పట్టుకున్నారు, అది నేనూ నోరు తెరుచుకునే చూశా. కానీ పై భాగం వారం తిరక్కుండా మళ్లీ ఎగిరిన రోజున నన్ను పిలవండి, అప్పుడు మాట్లాడదాం.

లెక్కలచిట్టా:

ఎదురుగాలి గారూ, మీరు అడ్డం తిరిగానంటూ నేను చెప్పిందే ఇంకా బాగా చెప్పారు.

అరసున్న:

అందరికీ థ్యాంక్స్ అండీ. రేటు సంగతి పోటీవాళ్లు చూసుకుంటారు, నేను మాత్రం ఈసారి ఆ పచ్చ మెరుపు కోసం చూస్తా.

పాతరెంచి:

రాత్రిపూట లాంచ్ చూడండి, బాగా కనిపిస్తుంది. కాకపోతే ఓడ మీద దిగేవాటిలో ఇంజిన్ అదురుకి సరిగ్గా ఆ క్షణానికే వీడియో ఆగిపోయేది. నేను రెండేళ్లు వరసగా చూసింది గడ్డకట్టిన సముద్రాన్నే, మళ్లీ బొమ్మ వచ్చేసరికి బూస్టర్ ఏమీ ఎరగనట్టు నిలబడి ఉండేది.